కరెంటు లేని వారము: ఇల్లును, ఊరును ముందుగా సిద్ధపరచుట ఎట్లు?

(పంచాయతీ సభ్యులకు అధ్యయన పాఠము)

అక్టోబరు మాసము వచ్చినదనగా మన కోస్తా గ్రామములలోని పెద్దలు తూర్పుదిక్కు మబ్బును చూచి మాటలాడుకొనుట పరిపాటి. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తెల్లవారక మునుపే తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానములోని కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరిగినవి. వానితోపాటు విద్యుత్ స్తంభములును ఒరిగినవి. గాలి కొన్ని గంటలలో వెడలిపోయినది. చీకటి మాత్రము పెక్కు గ్రామములలో దినములకొలది నిలిచినది. అంతకు నాలుగేండ్లకు పూర్వము, 2014 అక్టోబరు 12వ తేదీన, హుద్‌హుద్ తుపాను విశాఖపట్నముపై విరుచుకుపడినప్పుడు మహానగరమే దీపములేక, నీరులేక, ఫోనులేక అలమటించినది.

తిత్లీ అనంతరము ఉద్యోగధర్మముగా నేనొక గ్రామమునకు పోతిని. వీధి మొగలో నీటి ట్యాంకు ఆకాశమునంటుచున్నది. అందు చుక్క నీరు లేదు. మోటారు ఆడించుటకు కరెంటు లేదు. ట్యాంకునకు నూరు గజముల దూరమున పాత బోరింగు కలదు. దానికి చేయి విరిగి మూడేండ్లయినదట. బిందె పట్టుకొని నిలిచిన ఒక ముసలమ్మ నాతో, ‘‘నీళ్లు మా కాళ్లకిందే ఉన్నాయి బాబూ, తోడుకోడానికి బోరింగుకి చెయ్యే లేదు’’ అన్నది. ఆ ఊరి జనులు రెండు దినములు జనరేటరు కొరకు ఎదురుచూచిరి. ఒక ఇనుపచేయి, రెండు బోల్టులు వేయించియుండిన ఆ నిరీక్షణ తప్పియుండెడిది. ఈ పాఠమునకు మూలము ఆ ముసలమ్మ మాటయే.

తుపాను మన అదుపులోనిది కాదు. తుపాను తరువాతి చీకటిని భరించుటకు సిద్ధపడుట మాత్రము మన చేతిలోనిది.

1. కరెంటు ఏల ఆలస్యముగా వచ్చును?

‘‘పక్క ఊరికి వచ్చినది, మనకు ఏల రాలేదు?’’ అని ప్రజలు సభ్యులను నిలదీయుదురు. దానికి సమాధానము తెలిసియుండుట అవసరము. విద్యుచ్ఛక్తి ఉత్పత్తి కేంద్రమునుండి పెద్ద లైన్లమీద పెద్ద సబ్‌స్టేషనునకు వచ్చును. అచ్చటినుండి 33,000 వోల్టుల లైనుమీద మండలములోని సబ్‌స్టేషనునకు, అచ్చటినుండి 11,000 వోల్టుల లైనుమీద మన ఊరి ట్రాన్స్‌ఫార్మరునకు చేరును. ట్రాన్స్‌ఫార్మరు దానిని ఇంటి వాడుకకు తగినట్లు 230 వోల్టులకు తగ్గించును. ఇది కాలువవంటిది. తలకాలువ తెగియుండగా పిల్లకాలువను బాగుచేసి ప్రయోజనములేదు. కావున మరమ్మతు పైనుండి క్రిందికి జరుగును. వందలాది ఇండ్లకు ఉపయోగించు లైను మొదట, ఊరిచివరి నాలుగు ఇండ్ల తీగ చివర. లైను కొసనున్న గూడెములు, పాలెములు, చెరువుగట్టు ఇండ్లు చిట్టచివర వెలుగును చూచును. కనుక ఎవరి ఇల్లు లైను కొసన ఉన్నదో వారే అందరికన్న ఎక్కువగా సిద్ధపడవలెను.

తుపాను ఒక్కటే కారణమని తలపరాదు. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర భారతమున గ్రిడ్ కుప్పకూలినది. రెండవనాడు తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లును పడిపోయి 60 కోట్లకు పైబడిన జనులున్న ప్రాంతము ఒక్కసారిగా చీకటిలో మునిగినది. నాడు దక్షిణ గ్రిడ్ వేరుగా నడుచుచుండుటచే మనకు ఆ బాధ అంటలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైను ద్వారా దక్షిణ గ్రిడ్ దేశపు గ్రిడ్‌లో కలిసినది. దీనివలన మనకు కొరతదినములలో ఇతర ప్రాంతముల కరెంటు అందుచున్నది. అయినను ఎంత పెద్ద ఏర్పాటునకైనను ఒకానొకనాడు అంతరాయము కలుగవచ్చునని ఎరుగవలెను.

2. మొదట నీరు

దీపము లేక ఒక రాత్రి గడుపవచ్చును. నీరు లేక ఒక పూట గడువదు. నేడు మన ఇండ్లకు కుళాయిలు వచ్చినవి. కుళాయి వెనుక మోటారు కలదు, మోటారు వెనుక కరెంటు కలదు. కరెంటు ఆగిన రెండవపూటకే కుళాయి ఆగును.

త్రాగుటకు, వంటకు, కనీస శుభ్రతకు మనిషికి దినమునకు 7½ లీటర్లకు తక్కువ కాకుండ కావలెను. ఐదుగురున్న కుటుంబమునకు మూడు దినములకు లెక్కించిన 5 × 7½ × 3 = 112½ లీటర్లగును. అనగా 15 లీటర్లు పట్టు బిందెలు ఏడెనిమిది. తుపాను హెచ్చరిక రాగానే ఇంటగల బిందెలు, కాగులు, గోలెములు కడిగి నింపి మూతపెట్టుట గృహిణి చేయదగిన మొదటిపని. త్రాగునీటిపాత్రలో చేయి ముంచక, పొడుగుకాడ గల గరిటెతో తీసుకొనవలెను. పశువుల సంగతి మరువరాదు. పాడిగేదె ఒక్కటియే దినమునకు 40 నుండి 60 లీటర్లు త్రాగగలదు. కావున పశువుల తొట్లు వేరుగా నింపవలెను.

వరదనీరు కలిసిన బావినీటిని అట్లే త్రాగరాదు. నీరు తెర్లిన తరువాత కనీసము ఒక నిమిషము మరుగనిచ్చి, చల్లార్చి త్రాగవలెను. వంటచెరకు చాలనిచోట క్లోరిన్ మాత్రలు వాడవచ్చును. పొట్లముపై వ్రాసిన కొలతను మీరరాదు.

ఊరిబావిని శుద్ధిచేయుట పంచాయతీ పని. దానికి లెక్క ఇది. బావి వెడల్పును వెడల్పుచే గుణించి, నీటిలోతుచే గుణించి, 3.14చే గుణించి, 4చే భాగింపవలెను. కొలతలు మీటర్లలో ఉండవలెను. వచ్చిన సంఖ్యను 1,000చే గుణించిన లీటర్లు తెలియును. ఉదాహరణకు వెడల్పు 3 మీటర్లు, నీటిలోతు 4 మీటర్లు ఐనచో 3 × 3 × 4 × 3.14 ÷ 4 = 28.26. అనగా 28,260 లీటర్లు. తేటనీటికి 1,000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడరు 2½ గ్రాముల చొప్పున ఈ బావికి సుమారు 70 గ్రాములు కావలెను. పౌడరును బకెట్టులో కొద్దినీటితో ముద్దగా కలిపి, నీరుపోసి, పది నిమిషములు కదపక ఉంచవలెను. అడుగున సున్నము దిగును. పైతేటను మాత్రమే వేరొక బకెట్టులోనికి వంచి, దానిని బావిలోనికి దింపి, పైకి క్రిందికి ఆడించి కలియబెట్టవలెను. సున్నము బావిలో పడరాదు. ఒక గంట గడచినగాని నీరు తోడరాదు. బురదనీటికి ఈ మోతాదు చాలదు. అట్టి సందర్భమున ఆరోగ్య సిబ్బంది సలహా పొందవలెను. పాతబడినను, తేమ తగిలినను బ్లీచింగ్ పౌడరు తన శక్తిని కోల్పోవునని గుర్తుంచుకొని, గట్టి మూతగల డబ్బాలో చీకటిచోట నిలువచేయవలెను.

3. వెలుతురు, ఫోను

ఇంటికి ఒక చేతిదీపము, దానికి తగిన బ్యాటరీలు విడిగా ఉండవలెను. చేతిదీపమును ఎప్పుడును ఒకే మేకుకు తగిలించుట మంచి అలవాటు. చీకటిలో వెదకుకొననవసరముండదు. సౌరలాంతరు ఉన్నవారు దానిని హెచ్చరిక దినములలో ఎండనుంచి నింపవలెను. పూరింట కొవ్వొత్తిగాని, కిరోసిన్ బుడ్డిగాని వెలిగించి నిద్రపోరాదు. గాలికి దోమతెర అంటుకొని ఇల్లు కాలుటకు ఒక క్షణము చాలును.

ఇన్వర్టరు ఉన్నవారు ఒక లెక్క తెలిసికొనవలెను. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1,800 వాట్-గంటల శక్తి ఉండును. బ్యాటరీ చెడకుండవలెనన్న అందు సగము, అనగా 900 మాత్రమే వాడవలెను. 75 వాట్ల ఫాను, 9 వాట్ల దీపములు రెండు ఏకధాటిగా వాడినచో నష్టములు పోను ఎనిమిది గంటలకు అది ఐపోవును. అనగా ఒక్క రాత్రి. ఫాను ఆపి, రెండు దీపములు రాత్రి ఐదు గంటలు మాత్రమే వెలిగించి, రెండు ఫోన్లు నింపుకొని, తక్కిన వేళ ఇన్వర్టరును ఆపియుంచినచో దినమునకు సుమారు 200 వాట్-గంటలు చాలును. అదే బ్యాటరీ నాలుగు రాత్రులు వచ్చును. మొదటి రాత్రి సుఖము కొరకు మిగిలిన రాత్రులను అమ్ముకొనరాదు.

ఇటీవల మేడలపై సౌరఫలకములు పెట్టించుకొనువారు పెరిగినారు. కరెంటు పోయినను తమకు బాధలేదని వారిలో పెక్కురు భావింతురు. ఇది పొరపాటు. గ్రిడ్‌తో కలిపిన సౌరఫలకములు, ప్రత్యేకముగా బ్యాటరీ ఏర్పాటు లేనిచో, కరెంటు పోయిన క్షణముననే తమంతట తాము ఆగిపోవును. లైనుమీద పనిచేయు మనిషికి ప్రమాదము కలుగకుండ ఉద్దేశపూర్వకముగా చేసిన ఏర్పాటిది. పెట్టించుకొనునప్పుడే ఈ విషయము అడిగి తెలిసికొనవలెను.

ఫోను టవర్లును బ్యాటరీలమీద, డీజిలుమీద నడుచును. అవి ఐపోయిన సంకేతము పోవును. కావున అవసరమైన నంబర్లు కాగితముపై వ్రాసి గోడకు అంటింపవలెను. బ్యాటరీతో పనిచేయు చిన్న రేడియో ఒకటి వీధికొకటైనను ఉండిన ఆకాశవాణి వార్తలు, వాతావరణ హెచ్చరికలు వినవచ్చును. ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులది. తగిన చార్జరుతో దానినుండి వీధివారి ఫోన్లు నింపవచ్చును. సంకేతము లేనిచో ఫోనుద్వారా చెల్లింపులు సాగవు గనుక కొంత చిల్లర నోట్లరూపమున ఇంట ఉంచుట మేలు.

4. వంట, ఆహారము

కరెంటు లేనినాడు మిక్సీ తిరుగదు, పిండిమర ఆడదు. రోలు, తిరగలి ఉన్న ఇల్లు నాడు భాగ్యవంతుల ఇల్లు. అటుకులు, మరమరాలు, వేరుసెనగలు, బెల్లము, రాగిపిండి, ఊరగాయ ఒక వారమునకు సరిపడ ఉంచుకొనవలెను. గ్యాసుబండ చివరికి వచ్చినదేమో హెచ్చరిక దినముననే చూడవలెను. వంటచెరకు, పిడకలు తడవనిచోటికి చేర్చవలెను.

ఫ్రిజ్ తలుపు తెరువక ఉంచిన చల్లదనము సుమారు 4 గంటలు నిలుచును. నిండుగానున్న ఫ్రీజరు తెరువనిచో సుమారు రెండు దినములు నిలుచును. ఆపైన పాలు, మాంసము, చేప, వండిన కూరలు వాసన బాగుగనే ఉన్నను పిల్లలకు పెట్టరాదు. పాలు కాచి తోడువేసి పెరుగు చేయుట మన తాతలనాటి ఉపాయము.

5. రోగులు, గర్భిణులు, పసివారు

చీకటి అందరికి ఒకటి కాదు. ఆరోగ్యవంతునకు అది విసుగు. ఆక్సిజన్ యంత్రముపై ఆధారపడిన వృద్ధునకు అది ప్రాణాపాయము. అట్టివారిని గాలి మొదలుకాక మునుపే ఆసుపత్రిగల ఊరికి చేర్చుటయే క్షేమము. డయాలిసిస్ చేయించుకొనువారును అంతే. దారులు మూసుకొనక ముందే వైద్యుని అడిగి బయలుదేరవలెను. ఉద్దానమున మూత్రపిండ వ్యాధి ఎంతటి బాధయో పాఠకులకు తెలిసినదే. ప్రసవదినములు దగ్గరపడిన స్త్రీలనుగూర్చి ఆశా కార్యకర్తవద్ద లెక్క ఉండును. ఆ లెక్క హెచ్చరిక దినమున సర్పంచి చేతికి రావలెను.

మధుమేహమునకు ఇన్సులిన్ వాడువారు చల్లనిచోటు లేదని సూది మానరాదు. వాడుకలోనున్న సీసా ఎండ, వేడి తగులని నీడపట్టున కొన్ని వారములు నిలుచును. ఎన్ని దినములో సీసాపై చూచి, వైద్యునివలన తెలిసికొనవలెను. పెద్దకుండలో తడియిసుక పోసి, అందు చిన్నకుండ నుంచి, మూతపై తడిగుడ్డ కప్పిన లోపల చల్లగా నుండును. తీగెలున్నచోటనే చల్లదనమున్నదని అనుకొనరాదు.

6. ప్రాణము తీయు పొరపాట్లు

తెగిపడిన తీగను చచ్చిన తీగయని ఎంచరాదు. పిల్లలను, పశువులను దూరముగానుంచి, అచ్చట ఒకరిని కాపుంచి, విద్యుత్ సంస్థ 1912 నంబరునకుగాని, లైన్‌మన్‌కుగాని తెలుపవలెను. తీగను కర్రతో తొలగించు సాహసము కూడదు. తడిసిన కర్రయు కరెంటును ప్రసరింపజేయును. ఇంటిలో నీరు నిలిచియుండగా మెయిన్ స్విచ్‌ను ముట్టరాదు.

జనరేటరును ఇంటిలోపలగాని, వసారాలోగాని నడుపరాదు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారు నిద్రలోనే మరణింతురు.

ఇంతకన్న గమనింపవలసినది ఇంకొకటి కలదు. కొందరు జనరేటరు తీగను ఇంటిలోని ప్లగ్గులో గ్రుచ్చి ఇల్లంతయు వెలిగింతురు. ఆ కరెంటు మీటరుగుండా వెలుపలి లైనులోనికి పోవును. అచ్చటి ట్రాన్స్‌ఫార్మరు తలక్రిందుగా పనిచేసి ఆ 230 వోల్టులను 11,000 వోల్టులుగా పెంచును. లైను చచ్చియున్నదని నమ్మి స్తంభమెక్కిన మనిషి ఆ క్షణమున మాడిపోవును. మన ఇంటికి వెలుగు తెచ్చుటకై వానలో, బురదలో వచ్చిన మనిషిని మన ఇంటి వెలుగే చంపుట ఎంత ఘోరము! జనరేటరు పెట్టుకొనువారు తప్పక చేంజోవర్ స్విచ్ పెట్టించుకొనవలెను. లేనిచో జనరేటరునుండి నేరుగా వేరు తీగతో దీపము వెలిగించుకొనవలెను. ఈ ఒక్క విషయము ప్రతి సభ్యుడును తన వార్డులో ఇంటింట చెప్పదగినది.

కరెంటు పోయిన వెంటనే మోటార్లు, ఫాన్లు, ఫ్రిజ్‌ల స్విచ్‌లు ఆపి, ఒక్క దీపపు స్విచ్ మాత్రము వేసియుంచవలెను. కరెంటు వచ్చిన సంగతి దానివలన తెలియును. పొలములలోని పంపుసెట్లన్నియు ఒక్కమారు కదలినచో, అప్పుడే నిలబెట్టిన లైనుమీద భారముపడి మరల ఆగిపోవచ్చును.

7. పంచాయతీ చేయవలసినది

రాజ్యాంగపు 73వ సవరణతో చేర్చిన 11వ షెడ్యూలులో త్రాగునీరును, గ్రామీణ విద్యుదీకరణయు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో పేర్కొనబడినవి. కావున ఈ పని పరాయిది కాదు.

మొదటిది, బోరింగులు. ఊరిలోని ప్రతి బోరింగును తుపాను కాలమునకు పూర్వమే కొట్టి చూచి, చెడినవానిని బాగుచేయింపవలెను. నీటి పరీక్షలో త్రాగుటకు తగదని తేలినదానికి గుర్తుపెట్టి, ఇతర అవసరములకు మాత్రమే వాడునట్లు చూడవలెను.

రెండవది, ట్యాంకు. హెచ్చరిక రాగానే ట్యాంకు నిండుగా నింపి వాల్వు కట్టివేయవలెను. 1,500 జనాభాగల ఊరిలో 40,000 లీటర్ల ట్యాంకు ఉన్నదనుకొందము. మనిషికి దినమునకు 15 లీటర్ల చొప్పున 22,500 లీటర్లు చాలును. ఆ నీరు ఒక దినమున్నరకు పైగా వచ్చును. కుళాయిలన్నియు తెరిచి వదలినచో ఒక్కపూటలో పల్లపు వీధికి పోయి మెరక వీధికి అందదు. కావున వీధికొక వేళ నిర్ణయించి, బిందెల లెక్కన ఇచ్చుట న్యాయము.

మూడవది, జనరేటరు. ట్యాంకు మోటారు ఎన్ని హెచ్.పి.దో సభ్యులకు తెలియవలెను. 5 హెచ్.పి. మోటారు నడుచునప్పుడు సుమారు 3.7 కిలోవాట్లు తీసికొనును. మొదలగునప్పుడు అంతకు పలురెట్లు లాగును. కావున దానికి 10 కె.వి.ఏ.కు మించిన జనరేటరు కావలసి రావచ్చును. ఎలక్ట్రీషియనుచే నిర్ణయింపజేసి, అట్టి జనరేటరు ఎవరివద్ద కలదో, పెండ్లి పందిళ్లవారివద్దనా, రొయ్యల చెరువులవారివద్దనా విచారించి, అద్దె, డీజిలు సంగతి ముందుగానే మాటలాడుకొని తీర్మానము వ్రాసికొనవలెను. మోటారువద్ద చేంజోవర్ స్విచ్ ముందే బిగింపించవలెను. గాలివీచిన మరునాడు బేరమాడుట కష్టము.

నాలుగవది, జాబితా. ఒక్క కాగితముపై మూడు విషయములు చాలును: ఏ ఇంట రోగి, గర్భిణి, ఒంటరి వృద్ధులు ఉన్నారు, ఎవరివద్ద ట్రాక్టరు, జనరేటరు, రంపము కలవు, ఏ ఇంటికి ఏ సభ్యుడు వెళ్లి చూచును. పేరుగల బాధ్యత నెరవేరును. అందరి బాధ్యత ఎవరిదియు కాదు.

ఐదవది, లైన్‌మన్‌లకు సాయము. దారికడ్డముపడిన చెట్లను నరికి తొలగించి, బయటి జిల్లాలనుండి వచ్చిన సిబ్బందికి పాఠశాలలో వసతి, ఇంత అన్నము ఏర్పాటుచేసిన ఊరిలో పని త్వరగా సాగును. తీగలు తగిలియున్న చెట్టును మాత్రము లైన్‌మన్ చెప్పువరకు తాకరాదు.

చిత్తడి తగ్గి, దీపము వెలిగిన రాత్రి ప్రజలు సంతోషమున అన్నియు మరచిపోవుట సహజము. మరువకూడనివారు పంచాయతీ సభ్యులు. ఇందు చెప్పిన పనులలో పెక్కింటికి పెద్ద ధనము అక్కరలేదు. ఒక బోరింగు చేయి, ఒక స్విచ్, ఒక కాగితము. అవి ఉన్న ఊరిలో చీకటి అసౌకర్యము మాత్రమే అగును. లేని ఊరిలో ఆపద అగును.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరిలో బోరింగులు ఎన్ని? నేడు నీరిచ్చునవి ఎన్ని?

2. ట్యాంకు ఎన్ని లీటర్లది? మన జనాభాకు మనిషికి 15 లీటర్ల చొప్పున అది ఎన్ని దినములు వచ్చును?

3. కరెంటులేక ఒక దినమైనను గడుపలేని రోగులు ఏ ఏ ఇండ్లలో ఉన్నారు?

4. ఊరిలోని జనరేటర్లలో చేంజోవర్ స్విచ్ లేనివి ఎన్ని? వారితో ఎవరు మాటలాడుదురు?

5. లైను కొసనున్న ఇండ్లు ఏవి? వారికొరకు ఈ నెలలో చేయగల పని ఏది?